చేవలేని కలపకు చేవ

మనిషిలోని సత్తువకు ఒక పేరు కావలసి వచ్చినప్పుడు తెలుగువాడు చెట్టు దగ్గరకు వెళ్లినాడు. ‘చేవ’ అన్న మాట మొదట మానుకు చెందినది. మాను నడుమ ముదురు రంగుతో, గట్టిగా, బరువుగా ఉండే భాగం చేవ. దానిని చుట్టుకొని బెరడు కింద లేతగా ఉండేది తెల్లచెక్క. చెట్టు వయసు మీరిన కొద్దీ నడిమి కణాలు ప్రాణం వదలుతాయి. వదలేముందు వాటిలో తైలాలూ, వగరు పదార్థాలూ, రంజక ద్రవ్యాలూ చేరుకొంటాయి. చెదలకు రుచింపనివీ, బూజును పెరగనీయనివీ ఆ పదార్థాలే. అందుచేతనే దూలానికి బేరమాడే వడ్రంగి పొడవు వెడల్పుల కంటె ముందు కొసను చూసి, లోపల చేవ ఎంత ఉన్నదో లెక్క కట్టేవాడు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో ఈ లెక్క ఈనాడు తలక్రిందులవుతున్నది. 2016 అక్టోబరు 11 వరకు ఈ మూడూ మహబూబ్‌నగరు జిల్లాలోని భాగాలే. ఆ నాటినుండి మూడు వేర్వేరు జిల్లాలకు ముఖ్యపట్టణాలయినవి. నాగర్‌కర్నూలుకు తూర్పున నల్లమల ఉన్నది. టేకు, నల్లమద్ది, ఏగిస, చిరుమాను, నారేప వంటి గట్టి మానులకు పుట్టినిల్లు అది. వనపర్తి చెలకలలో వేప, తుమ్మ ప్రధానం. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల సీమను జనం నడిగడ్డ అంటారు. అడవి అంతగా లేకపోయినా మగ్గానికీ, బండికీ, గుడి రథానికీ కలప లేక గడవని సీమ అది. నేడు నల్లమలలో ఈ భాగం అమ్రాబాదు పులుల అభయారణ్యం. దాని విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. అక్కడి మానును తాకరాదు, తాకకపోవడమే న్యాయం. ఇక బజారుకు వచ్చేది ఏది? పదిహేను ఇరవై ఏండ్లకే కొట్టిన తోట టేకు, నీలగిరి, సుబాబుల్. వీటిలో తెల్లచెక్క ఎక్కువ, చేవ తక్కువ. ద్వారబంధం కొత్తదే, చెదలు మాత్రం మూడవ వానాకాలానికే తలుపు తడుతున్నవి.

చేవలేని కలపకు మనుష్యప్రయత్నంతో చేవ కల్పించడం సాధ్యమా? సాధ్యమే. దానికొక పరిశ్రమ ఉన్నది. దానికి శాస్త్రం, ప్రమాణ గ్రంథాలు, ఏటేటా జరిగే మహాసభలు, ఆ సభలలో ఇచ్చే పురస్కారాలూ ఉన్నవి. ఆ పరిశ్రమకు అర్ధ శతాబ్దానికి పైగా మూలధనంగా నిలచిన మందును కనుగొన్నది ఒక తెలుగువాడు. ఈ మూడు పట్టణాలలోని ఏ బడిలోనైనా ఆ పేరు అడిగితే చెప్పగల విద్యార్థి ఉంటాడా అన్నది సందేహం. తప్పు విద్యార్థిది కాదు.

ముందు ఆ సభల సంగతి చూడవలె. అమెరికాలో కలప సంరక్షకుల సంఘం 1904లో ఏర్పడినది. ఏ మందును ఏ కలపకు ఎంత లోతున ఎంత పాళ్లలో పట్టించవలెనో ఆ సంఘపు వార్షిక సభలూ, సంఘాలూ చర్చించి ప్రమాణాలు నిర్ణయిస్తాయి. చిరకాలం సేవ చేసినవారిని సంఘం సత్కరిస్తుంది. 1969లో కలప సంరక్షణకు అంతర్జాతీయ పరిశోధక బృందం ఒకటి వెలసినది. అది ఏటికొక దేశంలో సమావేశమవుతుంది. 2005లో ఆ సమావేశం బెంగళూరులో జరిగినది. ఆ బృందం తన తొలి కార్యదర్శి రాన్ కాక్‌క్రాఫ్ట్ పేరిట ఒక పురస్కారం ఏర్పాటు చేసినది. అది పేరుమోసిన పెద్దలకు కప్పే శాలువ కాదు. విద్యార్థులూ, యువ పరిశోధకులూ దారి ఖర్చు లేక సభకు రాలేకపోకుండా ఇచ్చే సహాయం. సన్మానాలకు అలవాటుపడిన మన దేశానికి ఈ పద్ధతి కొంత వింతగానే తోచవచ్చు. మరి కొన్ని దేశాలలో వ్యాపార సంఘాలు ఏడాదికొకసారి విందు చేసి, మంచి వంతెనకూ, మంచి కర్మాగారానికీ బహుమతులు పంచుకొంటాయి. అందులో పరస్పర ప్రశంస పాలు ఎక్కువే. అయినా చెక్కకు మందు పట్టించడం కూడా నలుగురూ కూడి మాట్లాడదగిన విద్య అని లోకం గుర్తించినదనడానికి ఆ విందులు సాక్ష్యం.

ఇక ఆ తెలుగువాడు సొంటి కామేశం. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనాలయంలో కలప సంరక్షణపై పనిచేసిన ఇంజనీరు. ఆయన ఎదుర్కొన్న చిక్కు పాతది. కలపను కాపాడే మందులు పూర్వం లేకపోలేదు. 1838లో ఇంగ్లండులో జాన్ బెతెల్ అనే ఆయన బొగ్గు తారునుండి తీసిన క్రియోజోటు నూనెను ఒత్తిడితో కలపలోనికి ఎక్కించే పద్ధతికి పేటెంటు పొందినాడు. రైలు పట్టాల కింది దిమ్మెలు ఆ నూనె త్రాగియే ఏండ్ల తరబడి నిలచినవి. కాని క్రియోజోటు పట్టిన కర్ర నల్లబడుతుంది, వాసన వేస్తుంది, చేతికి అంటుతుంది. దానికి రంగు వేయలేము, ఇంటిలో పెట్టుకోలేము. నీటిలో కరిగే లవణాలు వాడితే ఈ బాధ లేదు. అయితే నీటిలో కరిగి లోపలికి పోయినది మరల నీటిలో కరిగి బయటికి రాక మానదు. నాలుగు వానలు కురిస్తే మందు మట్టిలోనికి, కర్ర చెదల నోటిలోనికి.

కామేశంగారు 1933లో ఈ ముడి విప్పినారు. మూడు లవణాలను కలిపినారు. ఒకటి మైలుతుత్తం, ద్రాక్షతోటలకు చల్లే మందు తెలిసిన ప్రతి రైతుకూ ఇది తెలుసు. దానిలోని రాగి బూజును చంపుతుంది. రెండవది పాషాణ లవణం. శాస్త్రజ్ఞులు ఆర్సెనిక్ అనే ఈ విషం చెదలనూ, పుచ్చుపురుగునూ, రాగికి లొంగని కొన్ని బూజులనూ కూడా అణచుతుంది. మూడవది బైక్రోమేటు, ఇందులోని క్రోమియంలోనే ఆయన ప్రతిభ అంతా ఉన్నది. అది కలపలోని పదార్థంతో రసాయన చర్య జరిపి తాను మారుతూ, మిగిలిన రెండింటినీ కర్రలోనే కదలకుండా బిగించివేస్తుంది. పోసేటప్పుడు నీటిలో కరుగుతుంది. పట్టిన తరువాత నీటికి దాదాపు లొంగదు. ఆర్సెనిక్‌కూ రాగికీ రసాయన శాస్త్రంలో వాడే సంకేతాక్షరాలను జతచేసి దీనికి ‘ఆస్క్యూ’ అని పేరు పెట్టినారు. 1938లో దీనికి అమెరికాలో పేటెంటు లభించినది. ఆ తరువాత ఇదే మిశ్రమం చిన్న చిన్న మార్పులతో, మూడు మూలకాల మొదటి అక్షరాల పేరుతో, లోకమంతటా వ్యాపించినది. అమెరికా విద్యుత్ స్తంభాలు, న్యూజిలాండు ద్రాక్షతోటల గుంజలు, ఆస్ట్రేలియా కంచెలు, ఇండ్ల ముందటి చెక్క వసారాలు, రేవుల గుంజలు — లేత ఆకుపచ్చ రంగుతో కనిపించిన కర్ర ఎక్కడ ఉన్నా దాని వంశవృక్షం డెహ్రాడూన్‌కు చేరుతుంది.

పట్టించే విధానం విద్యార్థులకు సులభంగానే బోధపడుతుంది. ఎండిన కలపను పొడవైన ఇనుప గొట్టం వంటి తొట్టిలో పెట్టి తలుపు బిగిస్తారు. ముందు లోపలి గాలిని లాగివేస్తారు. కర్రలోని సన్నని నాళాలలో ఉన్న గాలి కూడా దానితో వెలువడుతుంది. అప్పుడు ద్రావణాన్ని వదలి ఒత్తిడి పెంచితే, గాలి ఖాళీ చేసిన చోటులన్నిటిలోనికి మందు చొరబడుతుంది. ఇందులో ఒక వింత ఉన్నది. మందు తెల్లచెక్కకు పట్టినంతగా చేవకు పట్టదు. తనకు స్వయంగా కాపుదల ఉన్న భాగం మరొకరి సహాయాన్ని లోనికి రానీయదు. బలహీనమైన భాగం దాహంతో త్రాగుతుంది. కాబట్టి ఈ విద్యవలన ఎక్కువ మేలు పొందేది నల్లమల ముదురు టేకు కాదు, చెలకగట్టున నాటిన నాసి కర్ర. ముదురు మానులను అడవికే వదలి, తోట కర్రతో పని గడుపుకోదలచిన సీమకు ఈ మాట చాలా ముఖ్యమైనది.

అయినా కథ ఇక్కడితో ముగిస్తే అది సగం సత్యమే అవుతుంది. పాషాణం పాషాణమే. పిల్లలు ఆడుకొనే ఉయ్యాల గుంజలనుండీ, వసారా పలకలనుండీ కొద్దికొద్దిగా ఆర్సెనిక్ వెలువడి చేతులకూ, కింది మట్టికీ అంటుతున్నదని పరిశోధనలు చూపినవి. అమెరికాలో తయారీదారులు 2002లో ప్రభుత్వంతో అంగీకారానికి వచ్చి, 2003 డిసెంబరు 31 తరువాత ఇండ్ల వాడుకకు ఈ మందు పట్టించడం మానుకొన్నారు. ఐరోపా దేశాలు 2004 నుండి దీనిని గట్టిగా కట్టుబాటు చేసినవి. విద్యుత్ స్తంభాలవంటి కొన్ని పనులకు అమెరికాలో నేటికీ అనుమతి ఉన్నది. న్యూజిలాండులో వాడుక విస్తారంగా సాగుతూనే ఉన్నది. ఇప్పుడు ఏటేటి సభలలో మాటలాడుకొనేది ప్రధానంగా దీని తరువాతి తరం గురించి: పాషాణం లేని రాగి మందులు, ఆవిరిలో అధిక ఉష్ణానికి గురిచేసి స్వభావం మార్చిన కలప, సిర్కా జాతి రసాయనంతో కణభిత్తులనే మార్చిన కలప. డెబ్బది ఏండ్లు రాజ్యమేలిన మందుకు వారసులను వెతకడమే నేటి పరిశ్రమకు పని. ఇది కామేశంగారి కీర్తికి కొరత కాదు. ఆయన అడిగిన ప్రశ్న కర్ర ఎంతకాలం నిలుస్తుందన్నది. దానికి సరైన సమాధానం చెప్పినారు. కర్ర తన ఆయువు తీరిన తరువాత ఏమవుతుందన్న ప్రశ్నను ఆ కాలం అడగలేదు.

పాలమూరు సీమలో ఆ రెండవ ప్రశ్నయే మొదట అడగవలసి ఉన్నది. కారణం విచిత్రం కాదు, పొయ్యి. మందు పట్టిన కర్ర కొత్తలో ఆకుపచ్చగా ఉన్నా, కొన్నేండ్లు ఎండకూ వానకూ ఉంటే బూడిదరంగుకు తిరిగి మామూలు కర్రవలెనే కనిపిస్తుంది. విరిగిన కంచె గుంజను ఇక్కడ ఎవరూ పారవేయరు. నీళ్లు కాగే పొయ్యిలోనో, పెండ్లి వంటల గాడిపొయ్యిలోనో పెడతారు. పాషాణపు కర్ర కాలితే ఆ విషంలో కొంత పొగలో పోతుంది, మిగిలినది బూడిదలో నిలుస్తుంది. ఆ బూడిదతోనే అంట్లు తోమే ఇండ్లు ఇంకా ఉన్నవి. పాత కర్రను ప్రత్యేక స్థలానికి చేర్చి పాతిపెట్టే ఏర్పాటు ఉన్న దేశాల మాట వేరు. అది లేనిచోట, గుంజ నలభై ఏండ్లు నిలుస్తుందన్న ఒక్క గుణం చూసి ఈ మందును పల్లెలకు తేవడం వివేకం కాదు.

భారతదేశంలో ఈ పరిశ్రమ వ్యాపింపకపోవడానికి విషభయం కారణం కాదు; అసలు కలప వాడకమే తగ్గినది. రైలు దిమ్మె సిమెంటుకు మారినది. కరెంటు స్తంభం సిమెంటుదయినది. కేంద్ర ప్రజాపనుల శాఖ 1993లో అడవుల రక్షణ కొరకు తన కట్టడాలలో కలపను నిషేధించినది. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు గోదావర్మన్ వ్యాజ్యంలో ఇచ్చిన ఉత్తర్వు అడవులలో నరకడాన్ని దేశమంతటా అదుపులోనికి తెచ్చి, అనుమతిలేని కోతమిల్లులను మూయించినది. ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం సొంత పొలంలో చెట్టు కొట్టడానికి కూడా అనుమతి అవసరం చేసినది. ఇవన్నీ అడవికి మేలు చేసినవి, సందేహం లేదు. కాని కిటికీకి ఇనుము, తలుపుకు ప్లాస్టిక్, స్తంభానికి సిమెంటు వచ్చి చేరినవి. వీటికి ఖర్చయ్యే బొగ్గూ, వెలువడే పొగా లెక్కలోనికి తీసుకొన్నప్పుడు, పెంచి కోసిన కలపయే భూమికి తేలికైన వస్తువని ప్రపంచం గ్రహించినది. 2020లో కేంద్ర ప్రజాపనుల శాఖ తన నిషేధాన్ని ఎత్తివేసినది. 2017లో అటవీ చట్టాన్ని సవరించి, అడవి వెలుపల పెంచిన వెదురును ‘చెట్టు’ నిర్వచనంనుండి తప్పించినారు. అంటే తలుపు మరల కొంత తెరచుకొన్నది. ఆ తలుపు ద్వారా వచ్చేది చేవలేని లేత కలపా, వెదురూ. వాటిని నిలబెట్టే విద్య మాత్రం వెంట రాలేదు.

ఆ విద్యలో పాషాణం ఒక్కటే లేదు. వానకు తడవని చోట, అనగా ఇంటిలోపలి కలపకు, బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణం చాలును. దానికి ఒత్తిడి యంత్రం కూడా అక్కరలేదు. పచ్చి వెదురునో, కోసిన పలకనో తొట్టిలో కొన్నాళ్లు నానవేస్తే లోనికి ఇంకుతుంది. అది వానకు కరిగిపోతుంది గనుక బయటి గుంజకు పనికిరాదు. పిల్లల నోటికి అందనీయరాదు. మన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 401లో ఏ పనికి ఏ మందు తగునో విధించి ఉన్నది. వెదురుకు పుచ్చు పట్టేది దానిలోని పిండిపదార్థం కొరకేనని శాస్త్రం చెబుతున్నది. వెదురును చెరువులో నానవేసే పాత అలవాటు ఆ పిండిని తగ్గించడానికి పనికివచ్చేది. పూర్వులకు కారణం తెలియకపోవచ్చు, ఫలితం తెలుసు.

మందు కంటె చౌక అయినది మరొకటి ఉన్నది: కర్రను తడవనీయకపోవడం. కలపలో తేమ నూటికి ఇరవై పాళ్లకు లోపల ఉంటే కుళ్లు పట్టదు. పాలమూరు సీమ పాత లోగిళ్లలో కర్ర స్తంభాన్ని నేలలో పాతక రాతి దిమ్మె మీద నిలిపేవారు. దానిని అలంకారమనుకొని నేడు నవ్వేవారు కలరు. అది చెదలకు కట్టిన అడ్డుగోడ. నూనె సంగతీ అంతే. అలంపురం గుడులకు రాళ్లు తోలిన బండ్లు తుంగభద్ర దాటేముందు కందెన వేసుకొన్నచోటు గనుక కందెనవోలు అనీ, అదే కర్నూలు అయినదనీ ఐతిహ్యం. అది నిజమో కాదో చరిత్రకారులు తేల్చవలె. ఒకప్పుడు ఆముదం విస్తారంగా పండిన ఈ సీమలో ఇరుసుకు నూనె పెట్టకుండా బండి కట్టినవాడు లేడన్నది మాత్రం నిజం.

గద్వాల చీర కథ దీనికి చక్కని పోలిక. నూలు ఒంటికి పట్టు అంచును పోగుపోగుగా ముడివేసి నేసే ఆ పనికి లోకంలో గౌరవం ఉన్నది. 2015 నుండి ఆగస్టు 7 జాతీయ చేనేత దినం; చేనేత కళాకారులకు జాతీయ పురస్కారాలూ కలవు. అది ఎంతయినా తగినదే. ఆ చీర నేసే గుంటమగ్గం కర్రతో చేసినది. దాని గుంజలు తేమ నేలలో నిలుస్తాయి. ఆ మగ్గం చేసిన వడ్రంగికి ఏ దినమూ లేదు. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం పదునెనిమిది వృత్తులలో వడ్రంగాన్ని చేర్చి, పనిముట్లకు 15,000 రూపాయలు, తక్కువ వడ్డీకి అప్పు, కొంత శిక్షణ ఇస్తున్నది. శిక్షణ అన్నమాట చూడగానే ఆశ కలుగుతుంది. ఉలి పదును గురించి వడ్రంగికి కొత్తగా చెప్పేది తక్కువ. నేడు బజారులో దొరికే కర్ర గురించి చెప్పేది చాలా ఉన్నది. తాత నేర్పిన పని ముదురు టేకు మీద నేర్చినది. మనుమని చేతికి వచ్చేది వేరొక వస్తువు. వనపర్తిలో సంస్థానాధీశుల రాజభవనంలోనే పాలిటెక్నిక్ నడుస్తున్నది. కలపను నానవేసే ఒక తొట్టి, తేమ కొలిచే ఒక చిన్న పరికరం, మూడు జిల్లాల వడ్రంగులు ఏడాదికొకసారి కూడే రెండు రోజులు — ఇంతకు మించిన మహాసభ ఆరంభంలో అక్కరలేదు. బహుమతి ఇవ్వదలచినా ఇవ్వవచ్చు. కాని కొత్త తలుపుకు కాదు, పదేండ్ల కిందట బిగించిన తలుపుకు ఇవ్వవలె.

ఏ మందు మంచిదో, ఏ కర్ర నిలుస్తుందో పెద్ద దేశాల సంఘాలు తేల్చుకొనే పద్ధతి ఆశ్చర్యమంత సులభమైనది. ఒకే కొలతకు కోసిన చిన్న కర్రలను వరుసలుగా సగం వరకు నేలలో పాతుతారు. ప్రతిదానికీ ఒక సంఖ్య ఉంటుంది. ఏడాదికొకసారి పెరికి చూసి, చెక్కు చెదరకపోతే పది, పూర్తిగా పోతే సున్న, మధ్యస్థితికి మధ్య మార్కులు వేసి, తిరిగి అదే గుంటలో నిలుపుతారు. చూడడానికి సమాధులవలె ఉంటుంది గనుక ఆ పొలాన్ని పరిశోధకులు శ్మశానమని పిలుచుకొంటారు. కొన్ని వరుసలు దశాబ్దాలుగా నిలచి ఉన్నవి. వాటి లెక్కల మీదనే ప్రమాణాలు పుట్టినవి, పురస్కారాలూ పుట్టినవి.

దీనికి యంత్రం లేదు, విషం లేదు, ఖర్చు లేదు. గద్వాల నల్లరేగడిలో ఒక వరుస, వనపర్తి చెలకలో ఒక వరుస, అచ్చంపేట ఎర్రమట్టిలో ఒక వరుస: వేప, తుమ్మ, నీలగిరి, తోట టేకు తెల్లచెక్క, అదే టేకు చేవ. నూనె పూసినది ఒకటి, పూయనిది ఒకటి. బడి ఆవరణలో తుమ్మచెట్టు నీడకు దూరంగా ఇరవై కర్రలకు చోటు దొరుకుతుంది. ఆరవ తరగతిలో పాతిన కర్రను ఏటేటా జూన్‌లో పెరికి మార్కులు వేసి, పదవ తరగతి విడిచిపోయేనాడు ఆ పట్టికను తరువాతి తరగతికి అప్పగించవచ్చును.